మబ్బు రంగు ఆల్బమ్

పన్నెండేళ్ళుగా తన దగ్గరే ఫోటోలు తీయించుకుంటున్న మత్తయి మాస్టారు, కూతురి పెళ్ళి ఆల్బమ్ మాత్రం రేపల్లెలో చేయించాడని తెలిసిన రోజు వరప్రసాదానికి అన్నం సహించలేదు.

తెలిసిన తీరు ఇంకా ఘోరం. ఆదివారం ఆరాధన అయ్యాక మాస్టారి భార్య ఆ ఆల్బమ్‌ను చర్చి ఆవరణలోనే తెరిచి, వరప్రసాదం భార్య కరుణ ఒళ్ళో పెట్టింది. కరుణ మొదటి పేజీ తిప్పింది. రెండో పేజీ తిప్పలేదు. అక్కడే ఆగిపోయింది.

"ఏమండీ, ఇటు చూడండి. ఇంకాసేపట్లో వాన పడబోతున్నట్టుంది కదూ ఫోటోలో?"

వరప్రసాదం చూశాడు. తెల్లచీర కట్టుకున్న పెళ్ళికూతురు చర్చి మెట్ల మీద నిలబడి ఉంది. అది ఏప్రిల్ నెల, మిట్టమధ్యాహ్నం తీసిన ఫోటో. అయినా ఎండ లేదు. వెలుతురంతా చల్లబడి, నీడలు పొగలా లేచి, పిల్ల మొహం మీద మాత్రం వెన్నెల లాంటిదేదో పరుచుకుని ఉంది. 

"మబ్బు రంగు అంటారంట దీన్ని," అంది మాస్టారి భార్య. "రేపల్లె రెహమాన్ గారి షాపులో చేస్తారు. వాళ్ళమ్మాయి జమీలా కంప్యూటర్ మీద చేస్తదంట."

"బాగుందండి," అన్నాడు వరప్రసాదం. ఆ ఒక్క ముక్క అనడానికి అతనికి ఎంత కష్టమైందో ఆ దేవుడికే తెలుసు.

తెనాలిలో ఫోటో స్టూడియోలో కంప్యూటర్ పెట్టిన మొదటి మనిషి తను. రెండేళ్ళ కిందట, తొంభై ఏడులో, ఆ పెట్టె దిగిన రోజు వీధి వీధంతా వచ్చి చూసింది. అప్పటి నుంచి 'తెనాల్లో కంప్యూటర్ ఫోటో అంటే వరప్రసాదమే' అన్న మాట ఉంది. ఆ మాటే అతని ఆస్తి. ఇప్పుడు దానికి రేపల్లె నుంచి చెద పట్టింది.

ఆ రాత్రి కరుణ నిద్రపోతూ కూడా ఆ ఆల్బమ్ గురించే తలుచుకుంటోందేమోనని అతనికి అనుమానం వచ్చింది.

మర్నాటి నుంచి పట్టుదల మొదలైంది. మొదట ఫోటోషాప్‌లో వెలుతురు తగ్గించి చూశాడు. మబ్బు రాలేదు, మునిమాపు వచ్చింది. కోరల్ వాళ్ళ ఫోటో పెయింట్‌లో నీలం కలిపాడు. పెళ్ళికూతుర్ని నీలిమందులో ముంచి తీసినట్టయింది. విజయవాడ నుంచి మూడో సాఫ్ట్‌వేర్ తెప్పించి, నలుపుతెలుపుల తేడా తగ్గించాడు. పాతగోడకు సున్నం కొట్టినట్టు వెలవెలబోయింది. వారం తిరిగేసరికి కళ్ళు ఎర్రబడ్డాయి గానీ మబ్బు మాత్రం కమ్మలేదు.

"పోనీ ఆ అమ్మాయినే అడక్కూడదూ?" అంది కరుణ.

"నేనా? వెళ్ళి? దాన్నా?"

"అడిగితే నోటి ముత్యాలు రాలిపోతాయా?"

 వరప్రసాదం మూడో రోజు పొద్దున్నే రేపల్లె పాసింజరు ఎక్కాడు. అడగడానికి కాదు.

రెహమాన్ షాపు బస్టాండు పక్క సందులో ఉంది. ముందు చిన్న గది, మధ్యలో ముదురాకుపచ్చ కర్టెన్, దాని వెనక కంప్యూటర్. గోడమీద వరసగా పెళ్ళికూతుళ్ళ ఫోటోలు తగిలించి ఉన్నాయి. వరప్రసాదం వాటి వంక చూడలేదు. అతని చూపంతా కర్టెన్ మీదే ఉంది.

"రండి తమ్ముడూ, కూర్చోండి. ఏ ఊరు?" అన్నాడు రెహమాన్. తెల్లగడ్డం, మెత్తని మాట.

"కాకుమానండి. స్కూల్లో మాస్టార్ని. యాకోబంటారు." వరప్రసాదం అబద్ధాన్ని ఇంట్లోనే నమిలి తెచ్చుకున్నాడు. కవరులోంచి కరుణ ఫోటో తీశాడు. "మా ఆవిడ ఫోటో. దీన్ని ఆ మబ్బు రంగులో చేయాలండి."

కర్టెన్ పక్కకు జరిపి జమీలా వచ్చింది. ఇరవై నాలుగు, ఇరవై అయిదేళ్ళుంటాయి. ఫోటో అందుకుని, కిటికీ దగ్గరకు తీసుకెళ్ళి చూసింది. తర్వాత అతని మొహం చూసింది. తర్వాత అతని చేతులు చూసింది.

"చక్కగా తీశారు. ఎవరు తీశారన్నా?"

"తెనాల్లో ఎవరో తీశారమ్మా."

"వారం పడుతుంది."

అప్పుడే కరెంటు పోయింది. కర్టెన్ వెనక ఏదో టక్కుమని ఆగింది. జమీలా విసుక్కుంటూ పెరట్లో ఉన్న జనరేటర్ తాడు లాగడానికి వెళ్ళింది. రెహమాన్ టీ చెప్పడానికి వీధిలోకి నడిచాడు.

 నాలుగడుగులు వేస్తే చాలు. వేశాడు.

నల్లబడిన తెర పక్కన, పెట్టెకు ప్లాస్టరుతో అంటించిన కాగితం ఒకటి కనిపించింది. దానిమీద ఎనిమిది వరసల అంకెలు. పక్కన ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని పొడి అక్షరాలు. ఇంకేం రాసిలేదు. పెరట్లో జనరేటర్ దగ్గింది, ఆగింది, మళ్ళీ దగ్గింది. అతను కరుణ ఫోటో కవరు మీద ఎనిమిది వరసలూ ఎక్కించుకున్నాడు. ఆఖరి అంకె రాస్తుండగా జనరేటర్ అందుకుంది. తెర వెలిగే సరికి అతను ముందు గదిలో బల్ల మీద కూర్చుని, నేల వంక చూస్తున్నాడు.

టీ గ్లాసు రెండుసార్లు కింద పెట్టి మళ్ళీ తీశాడు. "వేడిగా ఉందా తమ్ముడూ?" అన్నాడు రెహమాన్.

ఇంటికొచ్చి, కరుణ ఫోటో రెండో కాపీ మీద ఆ అంకెలు తన కంప్యూటర్లో కొడితే ఫోటో తారుడబ్బాలో పడ్డట్టు నల్లగా మాడిపోయింది. ఆ పిల్ల తనను బోల్తా కొట్టించిందనుకున్నాడు. రెండు గంటలు తిట్టుకుని, అప్పుడు గమనించాడు. కాగితం మీద వంద దాటిన అంకె ఒక్కటీ లేదు. ఆమె సాఫ్ట్‌వేర్‌లో లెక్క నూటికి. తనదాంట్లో రెండు వందల యాభై అయిదుకి. అన్నిటినీ ఆ లెక్కకు మార్చి మళ్ళీ కొట్టాడు.

తెరమీద కరుణ మొహం మెల్లగా చల్లబడింది. వెనకున్న గోడ పొగమంచు అయింది. ఎరుపు సగానికి దిగి, నీలం పిసరంత లేచి, నల్లటి చోట్లన్నీ బూడిద రంగుకు తిరిగాయి. కరుణ మెడలో సన్నటి గొలుసు, బోసి నుదురు, కళ్ళ కింద నీడ. అంతా ఆ మబ్బులో ఉంది.

"నేనేనా?" అంది కరుణ వెనక నిలబడి.

వరప్రసాదం ఆ రోజు రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు. తర్వాత తన దగ్గరున్న చర్చి పెళ్ళిళ్ళ ఫోటోలు పదీ పదిహేను అదే లెక్కలో వేశాడు. అన్నీ వచ్చాయి.

అదృష్టం కూడా అప్పుడే తలుపు తట్టింది. బాపట్లలో రైసుమిల్లు రాఘవయ్య గారి పెద్దమ్మాయి పెళ్ళయింది. ఫోటోలు బాపట్ల మనిషే తీశాడు గానీ, ఆల్బమ్ మాత్రం మబ్బు రంగులో కావాలని పెళ్ళికూతురు పట్టుబట్టింది. రాఘవయ్యకు ఏదైనా ఇద్దరి దగ్గర బేరమాడి చూడటం అలవాటు. కొత్త దంపతులు సూర్యలంక ఒడ్డున నడుస్తుండగా వెనకనుంచి తీసిన ఫోటో ఒకటి రేపల్లెకూ పంపాడు, తెనాలికీ పంపాడు. "ఎవరిది బాగుంటే వాళ్ళకే ఆల్బమ్."

సముద్రం మీద మబ్బు రంగు వేస్తే ఇక చెప్పేదేముంది? రెండు ఫోటోలూ అచ్చం ఒకేలా వచ్చాయి. రాఘవయ్య అటూ ఇటూ తిప్పి చూశాడు.

"రెండూ ఒకటే. అయితే తెనాలోడికి పేరుంది. వరప్రసాదానికే ఇవ్వండి."

ఆ కబురు విని వరప్రసాదం మొదట ఆల్బమ్ గురించి అనుకోలేదు. రేపల్లెలో ఆ కర్టెన్ వెనక జమీలా మొహం ఎలా మాడి ఉంటుందో అనుకున్నాడు. ఆ ఊహ నాలుక మీద బెల్లంలా కరిగింది.

బుధవారానికి ఆల్బమ్ కావాలి. గురువారం పొద్దున సారెతో పాటు అమ్మాయి కారంచేడు అత్తారింటికి వెళుతుంది. ఆల్బమ్ ఆ సారెలో వెళ్ళాలి. అరవై నాలుగు ఫోటోలు. వరప్రసాదం ఒక్కొక్కటీ స్కానర్ మీద ఎక్కించి, లెక్కంతా ఒక వరసలో కట్టి, అన్నిటి మీదా ఒకేసారి తోలాడు. తెరమీద ఫోటోలు తపాలా బిళ్ళలంత కనిపించి, చల్లబడి, పక్కకు జరిగిపోతుంటే పేకముక్కలు పంచుతున్నట్టుంది. విజయవాడ ల్యాబ్ నుంచి ప్రింట్లు మంగళవారం సాయంత్రం వచ్చాయి. భార్యాభర్తలిద్దరూ కూర్చుని పేజీలు తిప్పారు.

"ఈ మధుపర్కాల అంచు చూడండి, ఎంత హుందాగా ఉందో," అంది కరుణ.

"రేపల్లె వాళ్ళు ఇలా చేయగలరా?"

"మీకు ఎప్పుడూ రేపల్లె గోలే."

బుధవారం పదకొండింటికి బాపట్లలో రాఘవయ్య ఇంటి హాల్లో ఆల్బమ్ తెరిచారు. చాప మీద సారె గంపలు వరసగా ఉన్నాయి. ఆడవాళ్ళు చుట్టూ మూగారు. రాఘవయ్య తల్లి కోటమ్మ గారికి ఎనభై దాటాయి. ఆవిడ ఆల్బమ్ ఒళ్ళో పెట్టుకుని, మొదటి ఫోటో మీదకు వంగింది. కాసేపు చూసి, పమిట చెంగు నోట తడిపి పెళ్ళికూతురి నుదురు తుడిచింది. మళ్ళీ తుడిచింది.

"ఏంటిది నాయనా, పోవట్లేదు?"

"ఏంటండి మామ్మగారూ?"

"పిల్ల మొహాన బొగ్గు పెట్టావేంటి?"

 వరప్రసాదం వంగి చూశాడు. పెళ్ళికూతురి నుదుటి మీద కుంకుమ బొట్టు ఉండవలసిన చోట మసిచుక్క ఉంది. పాపిట్లో మసి. పక్కన తల్లి నుదుటి మీద మసి. ముత్తయిదువలందరి మొహాలమీదా వరసగా మసి. మధుపర్కాల ఎర్ర అంచు నల్లటి పట్టీలా ఉంది.

ఎరుపు సగానికి దించితే కుంకుమ ఏమవుతుందో అతను ఆలోచించనే లేదు. అతని ఇంట్లో బొట్టు లేదు. అతను పరీక్షించి చూసిన ఏ మొహం మీదా బొట్టు లేదు. పన్నెండేళ్ళలో వందల పెళ్ళిళ్ళు తీసిన మనిషి, ఈ పదిహేను రోజులూ ఒక్క మొహం కూడా సరిగా చూడలేదు.

పెళ్ళికూతురు లేచి లోపలికి వెళ్ళిపోయింది. తలుపు గడియ పడ్డ చప్పుడు వినిపించింది.

రాఘవయ్య గొంతు పెంచలేదు. "రేపు తొమ్మిదింటికి కారు కదులుద్ది. ఈ ఫోటోలు వియ్యపురాలి చేతిలో పెడితే నా బిడ్డ మొదటి రోజే ఏం వినాలో నీకు తెలుసా ప్రసాదూ?"

"రాత్రికల్లా సరిచేసి తెస్తానండి."

"ఎట్టా తెస్తావు? మళ్ళీ విజయవాడ పంపాలి గదా?"

"తెస్తానండి."

ఎలా తెస్తాడో అతనికే తెలియదు. వీధిలోకి వచ్చి, బాపట్ల బస్టాండులో ఆల్బమ్ గుండెకు హత్తుకుని నిలబడ్డాడు. కొత్త ప్రింట్లకు రెండు రోజులు కావాలి. ఉన్న ప్రింట్ల మీదే ఎర్రరంగు పెట్టాలి. అతను ఒక్కసారి ప్రయత్నించాడు. బజార్లో సన్న కుంచె, ఎర్రరంగు కొని, సోడా కొట్టు బల్లమీద ఆఖరి పేజీలో ఒక మేనత్త నుదుటి మీద చుక్క పెట్టాడు. చుక్క జారి కనుబొమ మీదకు పాకింది. రుమాలుతో అద్దేశాడు. అద్దాక ఆవిడకు దెబ్బ తగిలినట్టుంది.

చెరుకుపల్లి మీదుగా రేపల్లె వెళ్ళే బస్సు కదులుతోంది. వరప్రసాదం పరిగెత్తి ఎక్కాడు.

షాపులోకి అడుగు పెట్టగానే జమీలా తల ఎత్తింది.

"రండి కాకుమాను మాస్టారూ. మీ ఆవిడ ఫోటో ఎప్పుడో అయిపోయింది."

"అమ్మా, నేను..."

"తెలుసన్నా. సుద్దముక్క పట్టుకునే వాళ్ళ గోళ్ళకి ఫోటోలు కడిగే డెవలపర్ మరకలుండవు. ఆ రోజే అనుకున్నా. మా కాగితం ఎత్తి రాసుకుంటారని మాత్రం అనుకోలేదు. సూర్యలంక ఫోటోకి ఇద్దరిదీ ఒకటే రంగు వచ్చిందని రాఘవయ్య గారు చెప్పినప్పుడు తెలిసింది."

రెహమాన్ కుర్చీలోంచి లేవలేదు, టీ చెప్పలేదు.

వరప్రసాదం ఆల్బమ్ తెరిచి బల్లమీద పెట్టాడు. జమీలా ఒక పేజీ చూసింది. రెండు చూసింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందని అతనికి అర్థమైంది. ఆ నవ్వు చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది.

"బొట్లు పెట్టలేదా అన్నా?"

"కాగితంలో లేదు గదమ్మా."

"కాగితంలో ఎందుకుంటది? అది చేత్తో చేసే పని. రంగు దించాక, ప్రతి ఫోటోలో బొట్టూ, పాపిటా, చీర అంచూ ఒక్కొక్కటే పైకి లేపుకోవాలి. నేను రోజూ చేస్తాను. రోజూ అన్నం తినడం ఎవరైనా రాసుకుంటారా?"

అప్పుడు అతను గోడవంక చూశాడు. వరసగా పెళ్ళికూతుళ్ళు. అందరూ మబ్బులోనే ఉన్నారు. ఒక్కొక్కరి నుదుటి మీద మాత్రం నిప్పుకణికలా ఎర్రటి చుక్క ఉంది.

"రేపు పొద్దున ఆ పిల్ల అత్తారింటికి వెళుతుందమ్మా," అన్నాడు. తన గురించి ఏదైనా అంటే ఆమె వినదని తెలుసు.

జమీలా తండ్రి వంక చూసింది. రెహమాన్ కాసేపు గడ్డం నిమురుకున్నాడు. "పిల్లేం చేసింది పాపం," అన్నాడు.

"చేస్తాను. నాకేం ఇవ్వక్కర్లేదు. ఎవరు పెట్టారని అడిగితే నిజం చెప్పండి. అంతే."

"చెబుతాను."

ఆమె లోపల్నుంచి చెక్కపెట్టె తెచ్చింది. చిన్న సీసాల్లో ఫోటో రంగులు, వెంట్రుకంత సన్నటి కుంచె. నలుపు తెలుపు ఫోటోలకు రంగులద్దే రోజుల్లో రెహమాన్ వాడినవి. ఒక్క ఎరుపు కాదు, మూడు ఎరుపులు కలిపింది. కొత్త పెళ్ళికూతురికి ఒక ఎరుపు, నడివయసు వాళ్ళకు కాస్త ముదురు, నీడలో ఉన్నవాళ్ళకు ఇంకోటి. కుంచె ఆనించడం, తీయడం. ఆనించడం, తీయడం. రెండు క్షణాలకో బొట్టు. చుక్క ఎక్కడా జారలేదు. పాపిటలూ, ఎర్ర అంచులూ కూడా అలాగే లేచాయి. దెబ్బ తగిలినట్టున్న మేనత్త నుదురు దగ్గర మాత్రం ఆగి, "ఇదెవరు చేశారు?" అంది. వరప్రసాదం కిటికీ వైపు చూశాడు.

నాలుగున్నరకు అరవై నాలుగు పేజీలూ అయిపోయాయి. అతను ఆ మూడు గంటలూ ఆ చేతినే చూశాడు. తనకు అలాంటి చెయ్యి లేదు. సాఫ్ట్‌వేర్ మారిస్తే వచ్చేది కాదది. ఆమె తన పని కాపాడుతుంటే కృతజ్ఞత కలగాలి. కలగలేదు. కళ్ళల్లో ఎవరో నిప్పులు పోస్తున్నట్టుంది.

చీకటి పడే వేళకు బాపట్ల చేరాడు. ఆల్బమ్ మళ్ళీ కోటమ్మ గారి ఒళ్ళోకి వెళ్ళింది. లోపల గది గడియ తీసుకుని పెళ్ళికూతురు వచ్చి మామ్మ భుజం మీదుగా చూసింది. పిల్ల మొహం విచ్చుకుంది.

"ఎవరు పెట్టారు నాయనా ఇన్ని బొట్లు?" అంది కోటమ్మ.

అందరూ అతని వైపు చూశారు. రాఘవయ్య కూడా చూశాడు. రేపల్లె అన్న మాట అతని నాలుక చివరిదాకా వచ్చింది. అక్కడ ఆగిపోయింది.

"నేనేనండి," అన్నాడు వరప్రసాదం.

"అనుకున్నాలే. తెనాలి పేరు ఊరికే వస్తుందా?" అన్నాడు రాఘవయ్య. "కార్తీకంలో రెండోదాని పెళ్ళి. అదీ నీకే."

వరప్రసాదం గుండెల్లోంచి పదిహేను రోజుల బరువు దిగింది. గట్టిగా రెండు నిమిషాలు దిగి ఉంది.

కోటమ్మ గారు మనవరాలి చేత పెట్టె తెరిపించి ఒక ఫోటో తెప్పించింది. అరచేయంత అట్ట మీద అతికించిన పాతకాలపు ఫోటో. కుర్చీలో తలపాగా పెట్టుకున్న కుర్రాడు, పక్కన నిలబడ్డ పదిహేనేళ్ళ పిల్ల. పిల్ల నుదుటిమీద నల్లటి చుక్క.

"పెళ్ళయిన ఏడాది గుంటూరు తీసుకెళ్ళి తీయించారు. ఇదొక్కటే ఉంది. ఆయన పోయి ముప్పై ఏళ్ళయింది, నేను బొట్టు పెట్టుకునే రోజులు ఈ పిల్లలెవరూ చూళ్ళేదు. ఈ ఫోటోలో చూద్దామంటే నల్లగా ఉందాయె. మనవరాలికి పెట్టిన చేత్తో నాకూ ఎర్రగా ఒకటి పెట్టు నాయనా. రంగు తెచ్చావుగా, జేబులో కుంచె కనబడుతుంది."

బజార్లో కొన్న కుంచె జేబులోంచి తొంగి చూస్తోంది. ఎవరో చిన్న గిన్నెలో నీళ్ళు తెచ్చారు. ఎవరో దీపం దగ్గరకు జరిపారు. పెళ్ళికూతురు కూడా పక్కనే చతికిలబడింది.

వరప్రసాదం కుంచె తడిపాడు. ఎరుపు ముంచాడు. ఫోటో మీదకు వంగాడు. పదిహేనేళ్ళ పిల్ల అతని వంకే చూస్తోంది. నుదురు చింతగింజంత కూడా లేదు. కుంచె కొన మీద చుక్క బరువెక్కి వేలాడింది. మేనత్త కనుబొమ మీదకు పాకిన ఎరుపు గుర్తొచ్చింది. దీనికి నెగెటివ్ లేదు. రెండో కాపీ లేదు. ఈ మొహం ఎలా ఉండేదో తెలిసిన మనిషి ఎదురుగా ఒక్కతే ఉంది, ఆమెకు ఎనభై దాటాయి.

కుంచె గిన్నెలో పెట్టేశాడు.

"ఏంటి నాయనా?"

"చెయ్యి నాది కాదండి మామ్మగారూ."

"అంటే?"

"ఆ బొట్లు నేను పెట్టలేదండి. రేపల్లె రెహమాన్ గారి అమ్మాయి జమీలా పెట్టింది. ఆ మబ్బు రంగు కూడా ఆ అమ్మాయిదే. నేను లెక్క దొంగిలించాను." చివరి మాట అతను అనదల్చుకోలేదు. అదీ వచ్చేసింది.

రాఘవయ్య గిన్నెలోని కుంచె వంక చూశాడు. "ఇందాక 'నేనే' అన్నావు," అన్నాడు.

"అన్నానండి."

"అయితే కార్తీకం పెళ్ళి రేపల్లెకే."

"అవునండి."

కోటమ్మ గారు ఫోటోను పాత తువ్వాల్లో చుట్టింది. కొడుక్కి ఇవ్వలేదు. వరప్రసాదం చేతిలో పెట్టింది. "నువ్వే తీసుకెళ్ళు. పోగొడితే ఏమవుద్దో తెలిసినోడివి నువ్వొక్కడివే ఇక్కడ."

మర్నాడు పొద్దున అతను రేపల్లెలో దిగాడు. జరిగిందంతా ఒక్క ముక్క దాచకుండా జమీలాకు చెప్పి, తువ్వాలు విప్పి ఫోటో బల్లమీద పెట్టాడు. ఆమె దాన్ని కిటికీ దగ్గరకు తీసుకెళ్ళి, ఒక పక్క నుంచి చూసి, ఇంకో పక్క నుంచి చూసి, చెక్కపెట్టె తెరిచింది. అతను బస్సులో వస్తూ ఏ ఎరుపు వేయాలో తేల్చుకున్నాడు. ఆమె ఆ సీసా ముట్టుకోలేదు. ఇంకేదో కలిపింది. కలిపిన రంగు చూడగానే అదే సరైనదని అతనికి తెలిసింది. లోపల చురుక్కుమంది.

ఇక తెనాలి పాసింజరు అందుకోవచ్చు. ఫోటో అప్పగించాడు, తన పని అయిపోయింది. వరప్రసాదం మూలనున్న స్టూలు లాగి, కుంచె పట్టుకున్న వేళ్ళు కనిపించే చోట వేసుకున్నాడు.

"ఏంటన్నా, తెనాల్లో పనేం లేదా?" అంది జమీలా తల ఎత్తకుండా.

"లేదమ్మా," అని కూర్చున్నాడు.